మూడో గేరు వదలని షెవెల్: డౌన్‌షిఫ్ట్ మెరుగుదల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఈ డైరీ 1972 నాటి షెవర్లే షెవెల్ గురించి. ఇందులో 350 ఘనపు అంగుళాల వి8 ఇంజను, దాని వెనుక మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్నాయి. బండి రోజూ రోడ్డు మీద తిరిగేదే కాని పందేలకు వెళ్లేది కాదు. ఇంజను ఆరోగ్యంగా ఉంది, గేర్‌బాక్సు ఎక్కడా జారడం లేదు, పైకి గేర్లు మార్చడం కూడా మెత్తగానే సాగుతోంది. ఇబ్బంది ఒక్కటే. గంటకు 50 మైళ్ల వేగంతో వెళ్తూ ముందున్న వాహనాన్ని దాటాలని యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కితే ఇంజను గొంతు మాత్రం బరువెక్కుతుంది, గేర్‌బాక్సు మూడో గేరును పట్టుకొని వేలాడుతుంది. ఎదురుగా వాహనం వస్తున్నప్పుడు ఈ ఆలస్యం ప్రమాదకరం. అందుకే దీన్ని పక్కన పెట్టదలచుకోలేదు.

ఏ భాగం కొనాలో తేల్చుకునే ముందు నాకు ఏ వేగంలో ఏ గేరు కావాలో కాగితం మీద లెక్కవేశాను. ఈ గేర్‌బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 2.52, రెండోది 1.52, మూడోది 1.00. నా బండి వెనుక ఇరుసు నిష్పత్తి 3.08, టైరు ఎత్తు 26 అంగుళాలు. టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పుడును నూనె ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) జారుడును వదిలేస్తే 50 మైళ్ల వద్ద మూడో గేరులో ఇంజను నిమిషానికి దాదాపు 2,000 చుట్లు తిరుగుతుంది. అదే వేగంలో రెండో గేరు పడితే 3,000 చుట్లు దాటుతుంది, మొదటి గేరు పడితే 5,000 చుట్లు దాటుతుంది. 2,000 చుట్ల దగ్గర ఈ ఇంజనులో దాటడానికి సరిపడే బలం లేదు, 3,000 దగ్గర దండిగా ఉంది, 5,000 దగ్గర అది నాకు అక్కర్లేదు. 65 మైళ్ల వద్ద కూడా రెండో గేరులో చుట్లు 3,900 మాత్రమే కనుక అక్కడిదాకా రెండో గేరు దొరికితే ఇంజనుకు ఏ ముప్పూ లేదు.

దీన్నిబట్టి నా కోరిక మూడు వాక్యాల్లో తేలింది. పెడల్ పూర్తిగా తొక్కితే 65 మైళ్ల లోపు ఎక్కడైనా రెండో గేరు పడాలి. 35 మైళ్ల దగ్గర సగానికి కొంచెం ఎక్కువ తొక్కితే చాలు, రెండో గేరు రావాలి. 30 మైళ్లు దాటాక మాత్రం నేను లీవర్ కదపకుండా మొదటి గేరు పడకూడదు.

3వ రోజు

ఈ రోజు స్పానర్ పట్టలేదు. సర్వీసు మాన్యువల్ ముందు పెట్టుకొని ఈ పెట్టె గేరు మార్చాలని ఎలా నిర్ణయించుకుంటుందో చదివి రాసుకున్నాను. ఇందులో ఎలక్ట్రానిక్ మెదడు లేదు, ఉన్నదంతా నూనె ఒత్తిడే. షిఫ్ట్ వాల్వు ఒక త్రాసులాంటిది. ఒకవైపు గవర్నర్ నుంచి వచ్చే ఒత్తిడి ఉంటుంది, అది బండి వేగంతో పాటు పెరుగుతూ వాల్వును పై గేరు వైపు నెడుతుంది. రెండోవైపు ఒక స్ప్రింగు, దానికి తోడుగా మాడ్యులేటర్ ఒత్తిడి ఉంటాయి. మాడ్యులేటర్ ఇంజను మానిఫోల్డ్‌లోని (ఇంజనులోకి గాలి వెళ్లే దారిలోని) వాక్యూమ్‌ను చూసి ఇంజను మీద ఎంత భారం పడుతోందో గ్రహిస్తుంది. వాక్యూమ్ ఎక్కువగా ఉంటే భారం లేదని ఒత్తిడి తగ్గిస్తుంది, వాక్యూమ్ పడిపోతే ఒత్తిడి పెంచి పై గేరును ఆలస్యం చేస్తుంది. మూడోది కిక్‌డౌన్ కేబుల్. దీన్నే డిటెంట్ కేబుల్ అని కూడా అంటారు. కార్బ్యురేటర్ థ్రాటిల్ (పెడల్ తొక్కితే గాలి దారిని తెరిచే పలకలు) పూర్తిగా తెరుచుకునే చివరి దశలో ఇది గేర్‌బాక్సు లోపలి డిటెంట్ వాల్వును లాగుతుంది, అప్పుడు అదనపు ఒత్తిడి వచ్చి షిఫ్ట్ వాల్వును బలవంతంగా కింది గేరుకు తోస్తుంది.

అంటే డౌన్‌షిఫ్ట్ (కింది గేరుకు దిగడం) కోసం గేర్‌బాక్సు మూడు మాటలు వింటుంది. వేగాన్ని గవర్నర్ చెబుతుంది, భారాన్ని మాడ్యులేటర్ చెబుతుంది, నడిపేవాడి తొందరను కేబుల్ చెబుతుంది. వీటిలో ఏ మాట తప్పుగా చేరుతోందో కనుక్కోకుండా వాల్వ్ బాడీని (ఈ వాల్వులూ నూనె దారులూ ఉండే దిమ్మను) విప్పి రంధ్రాలు పెద్దవి చేస్తే, తప్పు మాటనే గట్టిగా అమలు చేసే గేర్‌బాక్సు తయారవుతుంది. ఈ ప్రాజెక్టు మొత్తాన్ని ఈ ఒక్క నమ్మకం మీదే నడపాలని నిశ్చయించుకున్నాను.

6వ రోజు

ముందుగా నూనె చూశాను. అరగంట నడిపిన తరువాత, ఇంజను ఐడిల్‌లో (పెడల్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ) ఉండగా డిప్‌స్టిక్ మట్టం సరిగ్గా ఉంది, రంగు ఎర్రగా ఉంది, మాడిన వాసన లేదు. నూనె మాడి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ఆగిపోయి ఓవర్‌హాల్ డైరీ అయ్యేది.

తరువాత మాడ్యులేటర్. ఇది గేర్‌బాక్సుకు కుడివైపు వెనుక భాగంలో చిన్న డబ్బాలా ఉంటుంది, దానికి ఒకే బోల్టు, ఒక బిగింపు పట్టీ ఉంటాయి. వాక్యూమ్ గొట్టం ఊడదీసి చివర వేలితో తుడిచి చూశాను. వేలికి ఎర్ర నూనె అంటలేదు. అంటి ఉంటే లోపలి పొర చిరిగి ఇంజను గేర్‌బాక్సు నూనెను పీల్చుకుంటోందని అర్థం, అలాంటి బండి సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. గొట్టం చివర గేజ్ పెడితే ఐడిల్‌లో 18 అంగుళాల పాదరసం చూపించింది, మానిఫోల్డ్ దగ్గర పెట్టినా అదే అంకె. చేతి పంపుతో మాడ్యులేటర్‌కు నేరుగా వాక్యూమ్ పెట్టి ఒక నిమిషం ఎదురుచూశాను, ముల్లు కదలలేదు. గొట్టం మంచిదే, పొర మంచిదే. అయితే దీని మీద గుర్తులు చూస్తే ఇది బండితో వచ్చిన మాడ్యులేటర్ కాదు. ఎవరో ఎప్పుడో మార్చినది. మాడ్యులేటర్లు బయటికి ఒకేలా కనిపించినా లోపలి స్ప్రింగు బలంలో తేడాలుంటాయి. బలహీనమైన స్ప్రింగు ఉన్నది పడితే గేర్లు ముందుగానే పైకి వెళ్తాయి, సగం పెడల్‌కు కింది గేరు రాదు. నా బండి లక్షణాల్లో సగం దీనికి సరిపోతున్నాయి. అనుమానితుల జాబితాలో దీన్ని రాసుకున్నాను.

8వ రోజు

ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన అరగంట ఈ రోజుది. ఇంజను ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, మా తమ్ముణ్ణి డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమన్నాను. నేను టార్చిలైటుతో కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తున్నాను. థ్రాటిల్ పలకలు నిలువుగా నిలబడాలి. అవి ఇంకా వాలుగానే ఉన్నాయి.

"ఇంకా తొక్కు."

"అన్నయ్యా, నేలకు ఆనింది. ఇంక దిగదు."

చేత్తో థ్రాటిల్ లీవర్‌ను తోస్తే మిగిలిన దూరం సులువుగా కదిలి పలకలు నిలువయ్యాయి. అంటే ఇన్నాళ్లూ నేను పూర్తిగా తొక్కుతున్నాననుకున్నది పూర్తి కాదు. కారణం వెతికితే పెడల్ కింద కార్పెట్, దాని కింద శబ్దం ఆపడానికి వేసిన మందపాటి పొర, పైన రబ్బరు మ్యాట్ కనిపించాయి. మూడూ కలిసి పెడల్ చివరి ప్రయాణాన్ని మింగేస్తున్నాయి. కిక్‌డౌన్ కేబుల్ పని చేసేది సరిగ్గా ఆ చివరి ప్రయాణంలోనే.

అది సగం కథ. ఈ బండికి మొదట ఉన్న క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌ను తీసేసి, పాత యజమాని కాలంలోనే వేరే నాలుగు బ్యారెళ్లది బిగించారు. దాని థ్రాటిల్ లీవర్ పొడవు వేరు, కేబుల్ తగిలించే మేకు స్థానం వేరు, కేబుల్‌ను పట్టుకునే బ్రాకెట్ మాత్రం పాతదే. కేబుల్‌ను లీవర్ నుంచి విడదీసి చేత్తో చివరిదాకా లాగి తొడుగు దగ్గర టేపుతో గుర్తు పెట్టాను. మళ్లీ తగిలించి థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి చూస్తే ఆ గుర్తుకు ఇంకా ఒక వేలి వెడల్పు దూరం మిగిలిపోయింది. కాబట్టి పెడల్ సరిచేసినా కేబుల్ డిటెంట్ వాల్వును పూర్తిగా లాగదు. ఇన్ని నెలలు గేర్‌బాక్సును అనుమానించాను. దాని వరకు అది తనకు అందిన ఆజ్ఞలనే నమ్మకంగా పాటించింది.

12వ రోజు

పెడల్ కింద మందపాటి పొరను ఆ మేరకు కోసి తీసేశాను, మ్యాట్‌ను కొక్కేలతో నేలకు కట్టాను. మ్యాట్ ముందుకు జరిగి పెడల్ కింద ఇరుక్కోవడం కిక్‌డౌన్ సంగతికి మించిన ప్రమాదం కనుక ఈ పని ఎవరి బండిలోనైనా ముందు చేయాలి. కార్బ్యురేటర్‌కు సరిపోయే బ్రాకెట్‌ను, కొత్త కేబుల్‌ను తెచ్చి బిగించాను. కొత్త కేబుల్‌కు లాక్ ఉంది. లాక్ పైకి ఎత్తి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి పట్టుకొని, లాక్‌ను కిందికి నొక్కితే అది తన కొలతలో స్థిరపడుతుంది. మళ్లీ తమ్ముడు కూర్చున్నాడు, మళ్లీ టార్చిలైటు పట్టాను. ఈసారి పలకలు నిలువుగా నిలబడ్డాయి, టేపు గుర్తు తొడుగుకు ఆనింది.

సాయంత్రం ఖాళీ రోడ్డు మీద పరీక్షించాను. 50 మైళ్ల వద్ద పూర్తిగా తొక్కగానే ఒక క్షణం లోపే రెండో గేరు పడి వీపు సీటుకు అతుక్కుంది. 60 దగ్గరా పడింది. మొదటి కోరిక వాల్వ్ బాడీని తాకకుండానే తీరింది. 35 మైళ్ల దగ్గర ముప్పాతిక పెడల్ తొక్కినా మాత్రం మూడో గేరు కదల్లేదు. కేబుల్ చెప్పేది చివరి మాటే కనుక ఈ రెండో కోరిక మాడ్యులేటర్ దగ్గరో గవర్నర్ దగ్గరో తీరాలి.

15వ రోజు

ఎంపికల మీద రెండు సాయంత్రాలు గడిపాను. కొన్నిటిని త్వరగానే పక్కన పెట్టాను. పూర్తి మాన్యువల్ వాల్వ్ బాడీ వేస్తే ప్రతి గేరు నేనే మార్చాలి, రోజూ తిరిగే బండికి అది నప్పదు. ఎక్కువ స్టాల్ (బండి కదలకుండా పట్టి ఉంచినప్పుడు ఇంజను చేరగల చుట్లు) ఉన్న టార్క్ కన్వర్టర్ వేస్తే కింది గేరు పడకపోయినా ఇంజను చుట్లు పెరిగి కొంత ఊపు వస్తుంది గాని, మామూలు ప్రయాణంలో జారుడూ నూనె వేడీ కూడా పెరుగుతాయి. టర్బో 400లో ఉన్నట్టు విద్యుత్ స్విచ్‌తో కిక్‌డౌన్ కావాలంటే గేర్‌బాక్సునే మార్చాలి. ఆ పద్ధతి నాకు ఇష్టమే, ఎందుకంటే స్విచ్‌ను పెడల్ దగ్గర ఎక్కడైనా అమర్చుకోవచ్చు, కార్బ్యురేటర్ లీవర్ కొలతలతో బాధ ఉండదు. అయినా అందుకోసం ఆరోగ్యంగా ఉన్న పెట్టెను దింపడం సమంజసం కాదు.

నాలుగు గేర్ల 700ఆర్4 గురించి మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆలోచించాను. దాని మొదటి గేరు 3.06, రెండోది 1.63, మూడోది 1.00, ఓవర్‌డ్రైవ్ 0.70. దూర ప్రయాణాలకు నిజంగా హాయిగా ఉంటుంది. అయితే దానికుండే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్‌ను కిక్‌డౌన్ కేబుల్ అనుకొని బిగించడం చాలా ఖరీదైన పొరపాటు. టీవీ కేబుల్ గేరు మారే సమయాన్నే కాకుండా క్లచ్‌లను పట్టి ఉంచే నూనె ఒత్తిడిని కూడా ప్రతి క్షణం నిర్ణయిస్తుంది. నా కార్బ్యురేటర్ మీద ఒక వేలి వెడల్పు తేడా వల్ల ఈ పెట్టెలో కిక్‌డౌన్ మాత్రమే పోయింది. అదే తేడా 700ఆర్4లో ఉంటే క్లచ్‌లు కొద్ది ప్రయాణంలోనే కాలిపోయేవి. ఓవర్‌డ్రైవ్ కోసం మార్చదలచినవారు మార్చుకోవచ్చు, డౌన్‌షిఫ్ట్ కోసం మార్చడం మాత్రం తప్పు దారి.

చివరికి బరిలో మూడు మిగిలాయి: సర్దుబాటు స్క్రూ ఉన్న మాడ్యులేటర్, గవర్నర్ బరువులూ స్ప్రింగుల కిట్, తేలికపాటి షిఫ్ట్ కిట్ (వాల్వ్ బాడీ నూనె దారులను మార్చి గేరు మార్పును చురుకు చేసే సామాను). ఒకేసారి మూడూ వేస్తే ఏది మేలు చేసిందో తెలియదు కనుక ఒక్కొక్కటిగా వేసి, ప్రతిదాని తరువాత అదే రోడ్డు మీద, నూనె బాగా వేడెక్కాకే పరీక్షించాలని నిర్ణయించుకున్నాను.

19వ రోజు

కొత్త మాడ్యులేటర్ బిగించాను. పాతది తీసేటప్పుడు కొద్దిగా నూనె కారుతుంది, కింద గిన్నె పెట్టుకోవాలి. వెనుక ఉన్న చిన్న వాల్వు జారిపోకుండా చూసుకోవాలి, ఓ-రింగ్ కొత్తది వేయాలి. సర్దుబాటు స్క్రూ వాక్యూమ్ గొట్టం తగిలే నాళం లోపలే ఉంటుంది, సన్నటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాలి. లోపలికి తిప్పితే ఒత్తిడి పెరిగి గేర్లు ఆలస్యంగా, గట్టిగా మారతాయి, బయటికి తిప్పితే త్వరగా, మెత్తగా మారతాయి.

వచ్చినట్టే ఉంచి ఒకసారి, ఒక చుట్టు లోపలికి తిప్పి ఒకసారి నడిపాను. రెండు చుట్లకు 35 మైళ్ల దగ్గర పెడల్ సగం దాటగానే రెండో గేరు వచ్చింది. మూడు చుట్లకు ఇంకా చురుకుగా వచ్చింది గాని, నెమ్మదిగా బయలుదేరినప్పుడు కూడా ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు తల ఊగేంత కుదుపు మొదలైంది. స్క్రూను వెనక్కి రెండు చుట్ల దగ్గరకే తెచ్చాను. సర్దుబాటు చేసేవారు ఒక సంగతి మరచిపోకూడదు. వాక్యూమ్ మానిఫోల్డ్ నుంచే రావాలి. కార్బ్యురేటర్‌లో థ్రాటిల్ పలక పైనున్న రంధ్రం నుంచి తీసుకుంటే ఐడిల్‌లో వాక్యూమ్ ఉండదు, మాడ్యులేటర్ ఇంజను పెను భారంలో ఉందని పొరబడుతుంది. పందెపు క్యామ్‌షాఫ్ట్ వేసి ఐడిల్ వాక్యూమ్ బాగా తగ్గిన ఇంజనుకు కూడా ఇదే చిక్కు వస్తుంది.

23వ రోజు

గవర్నర్ పని. ఎడమవైపు వెనుక గుండ్రటి మూత ఉంది, దాన్ని ఒక తీగ పట్టి ఉంచుతుంది. ఆయిల్ ప్యాన్ దింపకుండానే గవర్నర్ మొత్తం చేతికి వస్తుంది, కొంచెం తిప్పుతూ లాగాలి. అరచేతిలో పెట్టుకొని చూస్తే రెండు జతల బరువులు, చిన్న స్ప్రింగులు, చివర నైలాన్ పళ్ల చక్రం కనిపించాయి. పళ్లు అరగలేదు. లోపలి వాల్వును వేలితో కదిపితే ఒకచోట బంకగా ఆగి, తరువాత జారింది. ఏళ్ల తరబడి పేరుకున్న గోధుమ రంగు పూత అది. ద్రావకంతో కడిగి, గాలి ఊది ఆరబెట్టాక తన బరువుకే జారసాగింది.

ఆ తరువాత కిట్‌లోని తేలికైన బరువులు వేసి చూశాను. తేలికైన బరువులు అదే వేగంలో తక్కువ ఒత్తిడి ఇస్తాయి, అందువల్ల పై గేర్లు ఆలస్యమై కిక్‌డౌన్ ఇంకా ఎక్కువ వేగం దాకా దొరుకుతుంది. కాగితం మీద ఇది నాకు కావలసినదే. రోడ్డు మీద మాత్రం పూర్తి థ్రాటిల్‌లో ఒకటి నుంచి రెండుకు మారే చోటు 4,600 చుట్ల నుంచి 5,400కు వెళ్లింది. ఈ మామూలు ఇంజనుకు ఆ పైభాగంలో ఊపిరి లేదు. అదీగాక 35 దాటాక కూడా మొదటి గేరు పడింది, అది నా మూడో నియమానికి విరుద్ధం. మరునాడే పాత బరువులను, పాత స్ప్రింగులను తిరిగి వేశాను. గట్టి ఇంజనూ ఎత్తైన ఇరుసు నిష్పత్తీ ఉన్న బండికి ఈ కిట్ సరైన మందు కావచ్చు. నా బండికి గవర్నర్‌ను శుభ్రం చేయడమే సరిపోయింది.

29వ రోజు

షిఫ్ట్ కిట్ వేయాలా అన్నదాని మీద చాలా తర్జనభర్జన పడ్డాను. కింది గేరు ఎప్పుడు పడాలన్నది ఇప్పటికే తేలిపోయింది. మిగిలింది అది ఎంత శుభ్రంగా పడుతుందన్నదే. ఈ పెట్టెలో మూడు నుంచి రెండుకు దిగే తీరు గమనించదగ్గది. మూడో గేరులో ఇంటర్మీడియట్ క్లచ్ (రెండో గేరుది) ఎలాగూ పట్టే ఉంటుంది, దాని వెనుకనున్న రోలర్ క్లచ్ (ఒకే దిశలో పట్టేది) మాత్రం ఊరికే తిరుగుతుంటుంది. డైరెక్ట్ క్లచ్ (మూడో గేరుది) వదలగానే ఇంజను చుట్లు ఎగసి రెండో గేరుకు తగిన వేగం అందుకుంటుంది, ఆ క్షణంలో రోలర్ క్లచ్ టక్కున పట్టుకుంటుంది. పూర్తి థ్రాటిల్‌లో ప్రతిసారీ ఆ దెబ్బంతా చిన్న రోలర్ల మీదే పడుతుంది. ఈ పెట్టెలో బలహీనమైన చోటు ఇదేనని దీన్ని విప్పేవారందరికీ తెలుసు. గేర్‌బాక్సు ఎలాగూ దింపి విప్పుతున్నవారు అక్కడ బలమైన స్ప్రాగ్‌ను (ఒకే దిశలో పట్టే మరో రకం క్లచ్‌ను) వేసుకోవాలని గట్టిగా చెబుతాను. నేను దింపడం లేదు కనుక నా కాలి అదుపే దానికి రక్ష.

అందుకే కిట్‌లోని అతి తేలిక స్థాయిని ఎంచుకున్నాను. బండిని స్టాండ్ల మీద నిలిపి, ప్యాన్‌కున్న 13 బోల్టులు విప్పి, వాల్వ్ బాడీని దింపాను. సెపరేటర్ ప్లేటు (నూనె రంధ్రాలున్న పలక) జరగగానే చెక్ బాల్స్ (ఆ దారులను మూసే చిన్న బంతులు) జారిపడ్డాయి. నాలుగింటిలో మూడు ట్రేలో పడ్డాయి, నాలుగోది దొర్లుకుంటూ ముందు చక్రం దాకా వెళ్లింది. దాని కోసం పావుగంట నేలమీద పడుకొని వెతికాను. అది దొరకకుండా బిగించే ప్రసక్తే లేదు. తిరిగి పెట్టేటప్పుడు ప్రతి బంతినీ దాని గుంటలో పెట్రోలియం జెల్లీతో అతికించాను. జెల్లీ వేడి నూనెలో కరిగిపోతుంది, చక్రాల గ్రీజు కరగక దారులను మూసేస్తుంది. ప్లేటులో కిట్ సూచించిన అతి చిన్న కొలతకే డ్రిల్ చేసి, అంచుల పొట్టును నూరి, రెండుసార్లు కడిగాను. కొత్త ఫిల్టరు, కొత్త ప్యాకింగు వేసి, ప్యాన్ బోల్టులను టార్క్ రెంచితో 12 అడుగు-పౌండ్లకు బిగించాను.

36వ రోజు

ఫలితం. 50 మైళ్ల వద్ద పూర్తి పెడల్‌కు రెండో గేరు ముందుకంటే చురుకుగా పడుతోంది, తిరిగి మూడుకు వెళ్లేటప్పుడు సాగదీత లేదు. 35 వద్ద సగానికి కొంచెం పైన పడుతోంది. 30 దాటాక మొదటి గేరు పడలేదు. పదకొండుసార్లు ప్రయత్నించి పుస్తకంలో రాసుకున్నాను.

ఒక కొత్త శబ్దం మాత్రం వినిపించింది. నెమ్మదిగా ఆగబోతున్నప్పుడు రెండు నుంచి ఒకటికి దిగే చోట వెనుక నుంచి చిన్న టక్కు. షిఫ్ట్ కిట్ తప్పేమోనని ప్యాన్ మళ్లీ దింపాలనుకున్నాను గాని, ముందు బండి కిందకు దూరి, గేర్‌బాక్సును వెనుక ఇరుసుతో కలిపే ప్రొపెల్లర్ షాఫ్టును రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాను. వెనుక యూనివర్సల్ జాయింట్ ఒక గడియారపు నిమిషం ముల్లు గీతంత వదులుగా కదిలింది. జాయింట్ మార్చాక టక్కు పోయింది. మాడ్యులేటర్ స్క్రూ రెండు చుట్ల దగ్గర, కేబుల్ లాక్ స్థానంలో, గవర్నర్ ఫ్యాక్టరీ బరువులతో ఉన్నాయి. 500 మైళ్లు తిరిగాక ప్యాన్ బోల్టులు, కేబుల్ క్లిప్పు, మాడ్యులేటర్ ఓ-రింగ్ మరోసారి చూడాలి.